మిగతా ఆరు డైమెన్షన్లు ఎక్కడున్నాయని ట్యూషన్ పిల్ల అడిగింది, సాయం చెయ్యండి

పర్లాకిమిడి_మాస్టారు

అందరికీ నమస్కారం. పర్లాకిమిడిలో మా ఇంటి అరుగు మీద ప్లస్ టూ పిల్లలకి ఫిజిక్స్ చెప్తుంటాను. పిల్లలు బడిలో ఒడియా మీడియం, ఇంట్లో తెలుగు. సగం ఒడియా, సగం తెలుగు, మధ్యలో ఇంగ్లీషు ముక్కలు కలిపి లాగిస్తాను.

మొన్న ఒక పిల్ల ఫోన్లో ఏదో వీడియో చూసి వచ్చింది. "సార్, స్ట్రింగ్ థియరీలో, అంటే కణాలన్నీ ఊగే అతి చిన్న దారాలే అనే సిద్ధాంతంలో, స్థలానికి తొమ్మిది డైమెన్షన్లట. మూడు కనిపిస్తున్నాయి. మిగతా ఆరూ ఎక్కడున్నాయి?" అంది. అందరూ చెప్పేదే నేనూ చెప్పాను. పెరట్లో బట్టలారేసే తీగ చూపించి, దూరం నుంచి అది ఉత్త గీత, దాని మీద పాకే చీమకి మాత్రం చుట్టూ తిరిగే దారి ఇంకోటుంది, ఆ ఆరూ అలాంటి చుట్టుదారులే అన్నాను. గట్టెక్కాననుకున్నాను.

ఆ పిల్ల ఊరుకోలేదు. ఒకటి: తీగ బయట ఖాళీ చోటుంది కాబట్టి చీమ చుట్టూ తిరగగలిగింది, మరి మన లోకం బయట ఏముంది? రెండు: చీమకి తెలుస్తోంది కదా, దానికన్నా ఎంతో చిన్నదైన ఎలక్ట్రాన్‌కి ఎందుకు తెలీదు?

"రేపు చెప్తానమ్మా" అన్నాను. ఆ రేపు మూడు రోజులుగా నడుస్తోంది. పిల్ల రోజూ ముందు వరసలో కూచుని నా మొహంకేసి చూస్తోంది.

రాయగడ_రైలు

మాస్టారూ, కాలం కూడా ఒక డైమెన్షనే అంటారు కదా. మీరు దాన్ని బాగానే వాడుకుంటున్నారు.

నాకు లెక్కలు రావు గానీ ట్రాక్ పని వచ్చు. మా డ్యూటీలో డైమెన్షన్ ఒక్కటే. కిలోమీటరు రాయి నంబరు చెప్తే చాలు, మనిషి ఎక్కడున్నాడో తెలిసిపోతుంది. పక్కకి పోవడం అనే రెండోది కూడా ఉంది. దాన్ని మేం డీరైల్‌మెంట్ అంటాం. ఎంక్వైరీ వేస్తారు.

గుణుపురం_గొడుగు

మాది గుణుపురం. ఇప్పుడు భువనేశ్వర్‌లో ఇదే సబ్జెక్టులో పీహెచ్‌డీ చేస్తున్నాను, కాబట్టి నన్ను తిట్టుకున్నా పర్లేదు.

రైలన్న జోకేశారు గానీ అసలు నిర్వచనం అదే. నువ్వెక్కడున్నావో చెప్పడానికి ఎన్ని నంబర్లు కావాలో అన్ని డైమెన్షన్లు. పట్టాల మీద ఒకటి, పొలంలో రెండు, గాలిలో మూడు. ఆ నంబర్లలో ఒకటి కొంత దూరం పోయాక మళ్లీ మొదటికి వస్తే దాన్ని చుట్టుకున్న డైమెన్షన్ అంటాం. అంతకు మించి మర్మం లేదు.

మీ పిల్ల మొదటి ప్రశ్నకి నేనైతే తీగ చూపించను, పంచాంగం చూపిస్తాను. ఆదివారం తర్వాత సోమవారం, శనివారం తర్వాత మళ్లీ ఆదివారం. వారం ఒక చక్రం. ఆ చక్రం బయట ఏముందని ఎవరైనా అడుగుతారా? చక్రం కావడానికి బయట చోటు అక్కర్లేదు, తిరిగి మొదటికి వస్తే చాలు. తేదీలు ఒకే గీతలా పోతుంటాయి. ప్రతి తేదీ దగ్గరా వారం, తిథి, నక్షత్రం, యోగం, కరణం అని అయిదు చిన్న చక్రాలు తగిలించి ఉంటాయి.

రెండో ప్రశ్న. ఎలక్ట్రాన్ చీమ కాదు, అల. ఒక గాజు చుట్టూ పువ్వుల డిజైన్ చెక్కుతున్నారనుకోండి. చివరి పువ్వు సగంలో తెగకూడదు. సాదా గాజు కుదురుతుంది, ఒక పువ్వు కుదురుతుంది, రెండు కుదురుతాయి, ఒకటిన్నర కుదరదు. చుట్టు డైమెన్షన్‌లో అల కూడా అంతే. ప్రతి పువ్వుకీ కొంత ఎనర్జీ ఖర్చు. గాజు ఎంత చిన్నదైతే పువ్వు అంత ఖరీదు. మన దగ్గరున్న ఎనర్జీకి ఒక్క పువ్వు కూడా రాకపోతే మనం చూసేవన్నీ సాదా గాజులే. సాదా గాజుకి చుట్టు ఉందో లేదో తెలిసే దారి లేదు.

ఈ ఆలోచన కొత్తదేం కాదు. 1919లో థియోడర్ కలుట్సా అయిదో డైమెన్షన్ కలిపి ఐన్‌స్టీన్ సమీకరణాలు రాస్తే, అందులోంచి కరెంటూ అయస్కాంతాల సమీకరణాలు వాటంతటవే బయటపడ్డాయి. ఐన్‌స్టీన్‌కి ఉత్తరం రాశాడు. ఆయన మెచ్చుకున్నాడు, కానీ పేపరు అచ్చయ్యేసరికి 1921 వచ్చింది. 1926లో ఆస్కార్ క్లైన్ ఆ అయిదోది చుట్టుకుని ఉంటుందన్నాడు. చుట్టు సైజు సుమారు ఎంతంటే, ప్రోటాన్‌ని కోటి ముక్కలు చేసి, అందులో ఒక ముక్కని మళ్లీ కోటి చేసి, దాన్ని ఇంకో వెయ్యి చెయ్యాలి. కణాలని ఢీకొట్టించి చూసే మెషీన్లలో ఇప్పుడున్న అతి పెద్దది ఎల్‌హెచ్‌సీ, అది ప్రోటాన్‌లో పదివేలో వంతు దాకా చూడగలదు.

క్లైన్ లెక్కలో పువ్వుల సంఖ్యే విద్యుదావేశం. అందమైన మాట. కానీ ఆ ప్రకారం ఆవేశం ఉన్న ఎలక్ట్రాన్ భరించలేనంత బరువుండాలి. అక్కడ చెడింది.

వంశధార

గొడుగు బాబూ, గాజు ఉదాహరణ తీసుకుంటాను, పంచాంగం దగ్గర పప్పులో కాలేశావు. తేదీ తెలిస్తే వారం తెలిసిపోతుంది. నేను ఇవాళే ఉండి, బుధవారం నుంచి గురువారానికి జరగలేను. చుట్టు డైమెన్షన్ స్వతంత్రంగా ఉండాలి. ఇక్కడే నిలబడి, ఆ దిక్కులో జరగగలగాలి. చక్రానికి బయట అక్కర్లేదనే వరకూ పంచాంగం పనికొస్తుంది, అక్కడితో మూసెయ్యాలి.

(నేను లెక్కల లెక్చరర్‌గా రిటైరైనవాణ్ని. మార్కులు కోయడం అలవాటు, ఏమనుకోకు.)

మాస్టారూ, పిల్లకి "బయట అక్కర్లేదు" అన్నది చేత్తో పట్టుకుని చూపించొచ్చు. ఒక చీర తీసుకుని ఇంట్లో స్తంభానికి చుట్టండి. ఒక్క ముడత పడదు. అదే చీరని కుండకి చుట్టండి, ముడతలే ముడతలు. స్తంభం గుండ్రంగా ఉందని మన కళ్లకి అనిపిస్తుంది గానీ చీరకి తెలీదు. చీర మీద గీసిన త్రిభుజం కోణాలు చుట్టక ముందు 180, చుట్టాక కూడా 180. కుండ సంగతి వేరు. కుండ మీద ఒక చోట దారం చివర నొక్కిపెట్టి, జానెడు దారంతో చుట్టూ గుండ్రం గీస్తే, ఆ గుండ్రం చుట్టుకొలత నేల మీద గీసినదానికన్నా తక్కువ వస్తుంది. కుండని బయటి నుంచి చూడకుండానే, దాని మీదే ఉండి కొలిచి, ఇది వంపు తిరిగి ఉందని చెప్పొచ్చు. 1827లో గౌస్ రుజువు చేసింది ఇదే. వంపు అనేది లోపలి వ్యవహారం, బయటి వాళ్ల సాక్ష్యం అక్కర్లేదు.

నాడె_పేక

బరంపురం నుంచి. మాది నేత ఇల్లు. ఇంటర్ తప్పి మగ్గం ఎక్కాను, తప్పులుంటే క్షమించాలి.

చీరని స్తంభానికి చుడితే ముడత పడదన్న మాట మాకు తెలిసిందే. నేసిన బట్టని దోనె మీద చుట్టేది అందుకే. కుండ లాంటి దోనె ఎవడూ చెక్కడు.

నా డౌటు వేరే. కండెకి దారం చుడతాం. ఒక చుట్టు, పది చుట్లు, వంద. రెండు కొసలూ ముడేసేస్తే ఆ చుట్లు ఇక పోవు, దారం తెంపాలి లేదా కండె తీసెయ్యాలి. మీ స్ట్రింగు కూడా దారమే అంటున్నారు. అది ఆ చిన్న చక్రానికి చుట్టుకుని ఉండిపోదా?

గుణుపురం_గొడుగు

అన్నా, ఇంటర్ తప్పానని ఇంకెప్పుడూ అనకండి. చుక్క లాంటి కణాలతో కుదరనిదీ, స్ట్రింగుతో మాత్రమే కుదిరేదీ అదే. చుక్క చుట్టుకోలేదు. దారం చుట్టుకుంటుంది.

ఇప్పుడు తమాషా చూడండి. చక్రం చిన్నదైతే పువ్వు ఖరీదు పెరుగుతుంది, ఇందాక చెప్పాను. చుట్టుకున్న దారానికి ఉల్టా. చక్రం చిన్నదైతే తక్కువ దారం సాగాలి, కాబట్టి ఖర్చు తగ్గుతుంది. అంటే చిన్న చక్రంలో పువ్వులు ఖరీదు, చుట్లు చవక. పెద్ద చక్రంలో చుట్లు ఖరీదు, పువ్వులు చవక. పువ్వుల ఖాతా, చుట్ల ఖాతా మార్చేస్తే, ఒక చిన్న చక్రం లెక్కలూ దానికి సరిజోడైన ఒక పెద్ద చక్రం లెక్కలూ అణా పైసలతో సహా ఒకటే. స్ట్రింగుకి ఆ రెండింటికీ తేడా తెలీదు. దీన్ని టీ-డ్యువాలిటీ అంటారు. ఒక హద్దు కన్నా చిన్న చక్రం అంటే, మారువేషంలో ఉన్న పెద్ద చక్రమే.

జామెట్రీ అంటే ముందే ఉన్న స్టేజీ, మనం దాని మీద ఆడతాం అనుకుంటాం. స్టేజీ ఎంత వెడల్పో ఆడేవాణ్ని బట్టి మారుతోంది. నాకు ఈ సబ్జెక్టు పట్టుకున్నది ఇక్కడే.

పాతపంచె

మన వాళ్లు పద్నాలుగు లోకాలు ఎప్పుడో చెప్పారు. వీళ్లు కాలంతో కలిపినా ఇంకా పది దగ్గరే ఉన్నారు.

వంశధార

అతలం నుంచి పాతాళం దాకా ఏడు, భూలోకం నుంచి సత్యలోకం దాకా ఏడు. అవి లోకాలు, అంటే చోట్లు. డైమెన్షన్ అంటే దిక్కు. రాయగడ, గుణుపురం, కాశీనగర్ మూడు ఊళ్లే గానీ మూడు డైమెన్షన్లు కావు. పురాణం మీద నాకు గౌరవం ఉంది కాబట్టే దానితో ఈ చాకిరీ చేయించను.

జయపురం_జామచెట్టు

నేను బళ్లో సైన్సు చెప్తాను. ఇంత దాకా అర్థమైంది, థాంక్స్. ఒక్కటి మింగుడు పడటం లేదు. ఆరు చక్రాలు పెట్టుకుంటే సరిపోయేదానికి కలాబీ-యావ్ అని అన్ని మడతల బొమ్మ ఎందుకు వేస్తారు? ఏ పత్రిక చూసినా అదే బొమ్మ, నలిపి పారేసిన కాగితంలా.

గుణుపురం_గొడుగు

అక్కా, ఆరు చక్రాలు సులువే. కానీ వాటితో వచ్చే లోకం మనది కాదు. మన లోకానికి ఎడమ, కుడి తేడా ఉంది. 1956 చివర్లో చియెన్-షియుంగ్ వూ కోబాల్ట్-60తో చేసిన ప్రయోగంలో అది బయటపడింది. బలహీన బలం (కొన్ని రకాల రేడియోధార్మికతకి కారణమైన బలం) ఎడమచేతి వాటం కణాలనే పట్టించుకుంటుంది. సాదా చక్రాలు చుడితే ఎడమా కుడీ సమానంగా వచ్చేస్తాయి. కాబట్టి ఆరు డైమెన్షన్ల ఆకారానికి వంపుండాలి. అలాగని ఇష్టం వచ్చినట్టు వంపు తిరిగితే ఐన్‌స్టీన్ సమీకరణాలు ఒప్పుకోవు.

మధ్యేమార్గం ఏమిటో లెక్చరర్ గారే చెప్పాలి, అది ఆయన ఏరియా.

వంశధార

కుండ మీద గుండ్రం తక్కువ కొలత వచ్చింది కదా. కుచ్చుల అంచులా, గుర్రం జీనులా ఉన్న చోట గీస్తే ఎక్కువ వస్తుంది. రెండు డైమెన్షన్లలో ఏదో ఒకటే. ఆరు డైమెన్షన్లుంటే ఒక దిక్కులో కుండలా, ఇంకో దిక్కులో జీనులా వంగే వీలుంది. ప్రతి బిందువు దగ్గరా, ఏ దిక్కు పట్టుకున్నా, దాని చుట్టూ ఉన్న తక్కువలూ ఎక్కువలూ కలిపితే జమా ఖర్చు సున్నా రావాలి. వంపు ఉంది, నికరం లేదు. అలాంటి ఆకారాలు ఉంటాయని 1954లో యూజీనియో కలాబీ ఊహించాడు. చాలామంది నమ్మలేదు. యావ్ అనే ఇంకో లెక్కల మనిషి కూడా మొదట అది తప్పని చూపించబోయాడు. కుదరక, చివరికి 1976లో నిజమని తనే నిరూపించాడు. ఉందని నిరూపించాడంతే. ఆరు డైమెన్షన్ల అసలు సిసలు కలాబీ-యావ్ ఆకారం మీద దూరాలు కొలిచే సూత్రాన్ని కాగితం మీద పూర్తిగా రాసినవాడు ఇంతవరకూ లేడు. కంప్యూటర్‌తో దగ్గర దగ్గరగా లెక్కేస్తారు.

1985లో కాండెలాస్, హోరోవిట్జ్, స్ట్రామింజర్, విట్టెన్ ఈ ఆకారాలని స్ట్రింగ్ థియరీలోకి తెచ్చారు. ఆ పేపర్లో నాకు నచ్చిన సంగతి: ఎలక్ట్రాన్‌కి మ్యూయాన్, టౌ అని ఇద్దరు బరువైన అన్నలున్నారు కదా, మొత్తం మూడు తరాలు. ఎందుకు మూడే అంటే ఎవరి దగ్గరా జవాబు లేదు. వీళ్లు ఇచ్చిన జవాబు, అది ఆకారంలో ఉన్న రంధ్రాల లెక్క. ఆయిలర్ సంఖ్య అని ఒకటుంది. బూరె పైపొరకి 2, గారె పైపొరకి 0. వాళ్ల పద్ధతిలో, ఆరు డైమెన్షన్ల ఆకారం ఆయిలర్ సంఖ్యలో సగం తీసుకుని, గుర్తు వదిలేస్తే, అదే తరాల సంఖ్య. అన్నిటికన్నా సులువైన ఆకారం క్వింటిక్. దాని సంఖ్య -200. అంటే వంద తరాలు! తియాన్, యావ్ కలిసి -6 వచ్చే ఆకారం కట్టారు. సగం చేస్తే మూడు.

నలిపిన కాగితం అంటున్నారు గానీ అమ్మా, ఆ బొమ్మ ఆరు డైమెన్షన్ల వస్తువుని ఒక చోట కోసి, ఆ కోతని కాగితం మీదకి నొక్కిన నీడ. నీడని చూసి మనిషి ముక్కు వంకర అనకూడదు.

రాయగడ_రైలు

సరే, -6 కావాలి కాబట్టి -6 ఉన్న గారె వెతికారు. మా దగ్గర దీన్ని రిజల్ట్ చూసి ఫారం నింపడం అంటారు.

గుణుపురం_గొడుగు

అన్నా, ఆ దెబ్బ తగలాల్సిందే. 2003లో కచ్రూ, కల్లోష్, లిండే, త్రివేదీ రాసిన పేపర్ తర్వాత ఇంకా పెద్ద దెబ్బ తగిలింది. ఆ నలుగురిలో సందీప్ త్రివేదీ మన దేశంలో, ముంబైలోని టీఐఎఫ్‌ఆర్ అనే పరిశోధన సంస్థలో పనిచేసినాయన. ఆకారాలు, వాటిలో బిగించగల ఫీల్డులు అన్నీ కలిపితే ఎన్ని రకాల లోకాలు వస్తాయంటే, 1 పక్కన అయిదొందల సున్నాలని ఒక అంచనా. వాటిలో మనది ఏదో చూపించిన వాళ్లు లేరు. నేను రోజూ ఆ బరువుతోనే ల్యాబ్‌కి వెళ్తాను.

జయపురం_జామచెట్టు

బ్రేన్ అంటే ఏమిటో కూడా చెప్పెయ్యండి. మా ఆయన స్క్రీన్ చూసి "బ్రెయిన్ స్పెల్లింగ్ తప్పు" అంటున్నారు.

గుణుపురం_గొడుగు

మెంబ్రేన్ అనే మాటలో ముందు భాగం కోసేస్తే మిగిలింది బ్రేన్. మెంబ్రేన్ అంటే పొర. ఒక డైమెన్షన్ ఉన్న బ్రేన్ దారం, రెండు ఉంటే బట్ట, మూడు ఉంటే మనం ఉన్నలాంటి స్థలం.

డీ-బ్రేన్ అనే రకం ముఖ్యం. డీ అంటే డిరిక్లే, 19వ శతాబ్దం లెక్కల మనిషి. స్ట్రింగులు రెండు రకాలు, రెండు కొసలూ కలిసిన చుట్టలు, కొసలు విడిగా ఉన్న పోగులు. పోగు కొస ఎక్కడ ఉండాలి? కిటికీ కర్టెన్ రింగుని చూడండి. కమ్మీ వెంట ఎటైనా జారుతుంది, కమ్మీ వదిలి రాలేదు. ఆ కమ్మీయే డీ-బ్రేన్. డాయ్, లీ, పోల్చిన్‌స్కీ 1989లోనే రాశారు, పెద్దగా ఎవరూ చూడలేదు. కమ్మీ ఉత్త గీత కాదు, దానికి బరువూ ఆవేశమూ ఉన్నాయి, అది కూడా ఊగే వస్తువే అని 1995లో పోల్చిన్‌స్కీ చూపించాక సబ్జెక్టు దిశే మారిపోయింది. అదే ఏడు విట్టెన్, పది డైమెన్షన్ల థియరీలన్నీ పదకొండు డైమెన్షన్లున్న ఒకే దానికి ముఖాలని చెప్పాడు.

రైలన్నా, మీ డీరైల్‌మెంట్ జోకు ఇక్కడ పెట్టుకోవాల్సింది. మనం పట్టాల మీద ఉన్నాం. పక్కన పొలం లేక కాదు, చక్రాలు పట్టాలకి కట్టుబడి ఉన్నాయి కాబట్టి.

నాడె_పేక

చీర కొంగు కుచ్చుల్లాగా ఉంది. కుచ్చు రెండు కొసలూ బట్టలోనే ముడిపడి ఉంటాయి, ఎంత ఊపినా బట్ట వదలవు. అదే బట్ట మీద రబ్బరు బ్యాండు పడేస్తే దులిపితే ఎగిరిపోతుంది. కుచ్చు పోగు, బ్యాండు చుట్ట. సరేనా?

రెండు చీరలు ఒకదాని మీద ఒకటి మడతపెడితే? పోగు ఒక కొస పై చీరకి, రెండోది కింది చీరకి తగులుకోవచ్చు కదా. మగ్గం మీద ఎప్పుడైనా ఇలా అయిందంటే ఆ రోజు కూలి పోయినట్టే.

గుణుపురం_గొడుగు

సరిగ్గా అదే, ఇక్కడ మాత్రం కూలి పోదు, లాభం వస్తుంది. రెండు చీరలుంటే పోగులు నాలుగు రకాలు: పైనుంచి పైకి, కిందనుంచి కిందకి, పైనుంచి కిందకి, కిందనుంచి పైకి. మూడు చీరలుంటే తొమ్మిది. ప్రోటాన్ లోపల క్వార్కులని కట్టి ఉంచే గ్లూవాన్లు ఎనిమిది రకాలు. మూడు బ్రేన్లు ఒకదాని మీద ఒకటి పడుకుంటే ఆ ఎనిమిదీ, అదనంగా ఇంకొకటీ వస్తాయి. చీరలని విడదీస్తే మధ్య పోగులు సాగుతాయి, సాగితే బరువెక్కుతాయి. కణాలకి బరువు ఎక్కడి నుంచి వచ్చిందంటే, రెండు పొరల మధ్య దూరం నుంచి.

బరువు అంటే దూరం, రకాల సంఖ్య అంటే పొరల సంఖ్య, తరాలంటే రంధ్రాలు. మాస్టారూ, మీ పిల్లకి ఏదైనా ఒక్క ముక్కే చెప్పాలంటే ఇది చెప్పండి. ఆరు డైమెన్షన్లు ఎక్కడో దాక్కోలేదు. వాటి ఆకారాన్నే మనం కణాలు, బరువులు, ఆవేశాలు అనే పేర్లతో చూస్తున్నాం. థియరీ నిజమైతేనే సుమా.

బ్యాండు సంగతి ఇంకా పెద్దది. గురుత్వాకర్షణ చుట్ట రకం. వెలుగు, ఎలక్ట్రాన్లు పోగు రకం అనుకుంటే, అవి మన బ్రేన్ వదలలేవు. గురుత్వాకర్షణ ఒక్కటే బయటికి జారిపోగలదు.

పర్లాకిమిడి_మాస్టారు

గురుత్వం మిగతా బలాలతో పోలిస్తే అంత బలహీనంగా ఎందుకుందో దీంతో చెప్పొచ్చంటారా? చిన్న అయస్కాంతం మేకుని ఎత్తేస్తుంటే భూగోళం మొత్తం లాగి కూడా ఆపలేకపోతోంది. పిల్లలకి ఎప్పుడూ చూపిస్తాను.

గుణుపురం_గొడుగు

చెప్పొచ్చు. 1998లో అర్కానీ-హమేద్, డిమోపౌలోస్, ద్వాలీ చెప్పింది అదే. బోరు పైపు నుంచి కాలవలో పడే నీళ్లు ఊహించండి. పైపు మూతి దగ్గర నీళ్లు అన్ని వైపులా విచ్చుకుంటాయి. గట్లు తగిలాక ఇక విచ్చుకోవడానికి చోటుండదు, పొడుగునే పోతాయి. మూతి దగ్గరే చాలా నీళ్లు పక్కలకి పోయాయి కాబట్టి దూరంలో ధార పలచగా కనిపిస్తుంది. గురుత్వం కూడా దగ్గర్లో అన్ని డైమెన్షన్లలోకీ విచ్చుకుని, చుట్టు పూర్తయ్యాక మామూలు మూడింటిలోనే పోతుంది. కాలవ వెడల్పు కన్నా తక్కువ దూరంలో కొలిస్తే న్యూటన్ సూత్రం తప్పాలి. దూరం సగమైతే ఆకర్షణ నాలుగు రెట్లు కావాల్సింది, రెండు అదనపు డైమెన్షన్లుంటే పదహారు రెట్లు అవుతుంది.

వాళ్ల లెక్కలో అలాంటి డైమెన్షన్ ఒక్కటే ఉంటే దాని సైజు భూమికీ సూర్యుడికీ మధ్య దూరమంత రావాలి. అది కుదరదు, గ్రహాలే సాక్ష్యం. రెండుంటే మిల్లీమీటరు, లేదా అందులో పదో వంతు. చిత్రమేమిటంటే, 1998లో మిల్లీమీటరు కన్నా దగ్గర్లో గురుత్వాన్ని ఎవరూ సరిగ్గా కొలిచి ఉండలేదు! అందరూ సూక్ష్మదర్శినిలో చూడాలనుకుంటున్నది గోరు మీద కూచుని ఉండొచ్చు.

అప్పుడు అమెరికాలో సియాటిల్‌లోని ఈయోట్-వాష్ అనే గ్రూపు కొలవడం మొదలుపెట్టింది. 1798లో కావెండిష్ వాడిన పద్ధతే, మెలిపడే తీగ. సన్నటి టంగ్‌స్టన్ తీగకి లోహపు పళ్లెం వేలాడదీశారు. దాని కింద ఇంకో పళ్లెం మెల్లగా తిరుగుతుంటుంది. మధ్యలో కరెంటు ప్రభావాలు పడకుండా పలచటి లోహపు రేకు. కింది పళ్లెం తిరిగేకొద్దీ దాని గురుత్వానికి పై పళ్లెం ఏ మాత్రం మెలితిరిగిందో వెలుగు కిరణంతో చూస్తారు. 2020లో ప్రచురించిన ఫలితం: 52 మైక్రోమీటర్ల దగ్గర కూడా న్యూటన్ చెక్కుచెదరలేదు. అంటే అదనపు చుట్టు డైమెన్షన్ ఉంటే దాని వ్యాసార్థం 30 మైక్రోమీటర్లకి మించకూడదు.

నాడె_పేక

52 మైక్రోమీటర్లు అంటే ఎంత?

గుణుపురం_గొడుగు

తల వెంట్రుక కన్నా కాస్త సన్నం.

నాడె_పేక

అయితే ఇంకా దిగాలి. పట్టుగూడు నుంచి పురుగు తీసిన ఒంటి దారం వెంట్రుక కన్నా చాలా సన్నం. ఏడెనిమిది గూళ్ల దారాలు కలిపితే గానీ వాడుకునే పోగు కాదు. ఒంటి దారం ఎండలో పెడితే తప్ప కంటికి ఆనదు, కానీ వేలికి తెలుస్తుంది. మా అమ్మ కళ్లు మూసుకుని పోగు తెగిందని చెప్పేది.

గుణుపురం_గొడుగు

ఒంటి దారం పది నుంచి ఇరవై మైక్రోమీటర్లుంటుంది. సియాటిల్ వాళ్లు పెట్టిన హద్దుకి అది లోపలే ఉంది. గురుత్వ పరీక్ష ఒక్కటే చూస్తే, మీ మగ్గం మీద దారమంత డైమెన్షన్ ఇంకా ఉండే వీలుంది. 1987లో కనిపించిన సూపర్‌నోవా (పేలిన నక్షత్రం) నుంచి వచ్చిన న్యూట్రినోలు అనే సూక్ష్మ కణాల లెక్కలు ఇంకా గట్టిగా బిగిస్తున్నాయనుకోండి. అక్కడి వేడి అదనపు డైమెన్షన్లలోకి కారిపోయి ఉంటే న్యూట్రినోలు అంతసేపు వచ్చేవి కావు.

రాయగడ_రైలు

ఎల్‌హెచ్‌సీలో దొరకలేదు, పళ్లెంలో దొరకలేదు, నక్షత్రంలో దొరకలేదు. నేను ట్రాక్ మీద పగులు లేదని రాయాలంటే ఎక్కడెక్కడ చూశానో రాయాలి. వీళ్లు ఎక్కడ చూస్తే పూర్తిగా "లేదు" అని ఒప్పుకుంటారు?

వంశధార

మంచి ప్రశ్న. నా అభిప్రాయం చెప్తాను, గొడుగు కోప్పడకూడదు. పెద్ద డైమెన్షన్ల సంగతి పరీక్షకి కూచుంది, దెబ్బలు తింటోంది. అది సైన్సు. 2017 ఆగస్టు 17న రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొన్న గురుత్వ తరంగం వచ్చింది. వెనకే 1.7 సెకన్లకి గామా వెలుగు వచ్చింది. సుమారు 13 కోట్ల కాంతి సంవత్సరాల ప్రయాణం. దారిలో గురుత్వం బయటికి కారి ఉంటే తరంగం ఉండాల్సిన దానికన్నా బలహీనపడి, నక్షత్రాలు ఇంకా దూరంలో ఉన్నట్టు చూపించాలి. గెలాక్సీ దూరంతో పోల్చారు. కారిన జాడ లేదు. ఇలా అడిగితే ఇలా జవాబొచ్చింది.

క్లైన్ సైజు చుట్ల సంగతి మాత్రం నా జన్మలో తేలదు. అయినా నేను దీన్ని కొట్టిపారెయ్యలేను, కారణం ఫిజిక్స్ కాదు, ఒక లెక్క.

ఇందాకటి క్వింటిక్ ఆకారంలో సరళరేఖలు ఎన్ని పడతాయో 19వ శతాబ్దంలోనే తెలుసు: 2875. శంకువక్రాలు (వృత్తం, దీర్ఘవృత్తం లాంటివి) 6,09,250 అని 1980ల్లో తేలింది. మూడో రకం వక్రాలు ఎన్ని? 1991లో కాండెలాస్, ఆయన సహచరులు స్ట్రింగ్ థియరీ తోవలో వెళ్లి, ఒక ఆకారం ప్రశ్నని దాని అద్దం జోడీ ఆకారంలో అడిగి, 31,72,06,375 అన్నారు. అదే సమయంలో ఇద్దరు నార్వే గణితజ్ఞులు, ఎలింగ్స్‌రుడ్, స్ట్రోమ్, నికార్సైన పద్ధతిలో కంప్యూటర్‌తో లెక్కేసి 268,25,49,425 తెచ్చారు. రెండూ కలవలేదు. లెక్కల వాళ్లం అందరం ఎవరి పక్షమో చెప్పక్కర్లేదు కదా. కొన్నాళ్లకి నార్వే వాళ్లు తమ ప్రోగ్రామ్‌లో తప్పు పట్టుకుని, సరిచేసి మళ్లీ నడిపారు. 31,72,06,375.

ఫిజిక్స్ వాళ్లు అడ్డదారిలో వచ్చి మా ఇంటి తాళం తీశారు. తాళంచెవి వాళ్ల దగ్గరికి ఎలా వచ్చిందన్నది ఇప్పటికీ నన్ను నిద్రపోనివ్వదు.

రాయగడ_రైలు

ఇది బాగుంది లెక్చరర్ గారూ. నేను ఇంకా నమ్మలేదు గానీ బాగుంది.

పర్లాకిమిడి_మాస్టారు

రిపోర్టు. నిన్న సాయంత్రం అరుగు మీద చేసేశాను. ఇంట్లోవాళ్ల చీర, స్తంభం, మంచినీళ్ల కుండ. గాజు పువ్వుల లెక్క చెప్పేసరికి రెండో ప్రశ్న వదిలేసింది. "అయితే మనందరం సాదా గాజులమా సార్" అని నవ్వింది. పంచాంగం కూడా చెప్పాను, లెక్చరర్ గారి హెచ్చరికతో సహా.

స్తంభానికి ముడతలు పడలేదు. కుండ పొట్టకి పడ్డాయి. అక్కడితో అయిపోయిందనుకుని చీర తియ్యబోయాను. పిల్ల ఆపింది. కుండ మెడ దగ్గర వేలు పెట్టి, "సార్, పొట్ట దగ్గర బట్ట ఎక్కువై ముడత పడింది. ఇక్కడ బట్ట చాలక లాక్కుంటోంది, అంటుకోవడం లేదు. ఇది వేరే రకమా?" అంది. నేను నొక్కి చూశాను. నిజమే, ఎంత నొక్కినా మెడ చుట్టూ గాలి ఉండిపోతోంది.

వంశధార

మాస్టారూ, మీరు చెప్పకుండానే ఆ పిల్ల జీను వంపుని కనిపెట్టింది! పొట్ట దగ్గర కూడిక, మెడ దగ్గర తీసివేత. ఇప్పుడొక గారె తెప్పించండి. బయటి అంచున ఏ రకమో, రంధ్రం లోపలి వైపు ఏ రకమో తడి గుడ్డ అంటించి చూడమనండి. రెండూ కలిపితే ఎంత రావాలో ముందే చెప్పకండి.

నాడె_పేక

ఆ చీర పట్టుదా నూలుదా మాస్టారూ? పట్టుదైతే తడి కుండకి చుట్టారంటే మరక పోదు.

పర్లాకిమిడి_మాస్టారు

నూలుదే బాబూ. అయినా ఇంట్లో మాట్లాడటం లేదు.